అనసూర్యతో మెట్లెక్కిన రోజులు

నవంబరు 25, సోమవారం

ఆపరేషన్ డిసెంబరు పదహారున. ఇంకా మూడు వారాలు.

గడ్డ కుడి ఊపిరితిత్తి పైభాగంలో ఉంది. క్యాన్సరే, కానీ చిన్నది, తీసేయవచ్చు అన్నారు డాక్టరు గారు. వెంటనే ఎందుకు తీయరని అడిగాను. మూడేళ్ళ కింద వచ్చిన కరోనా అనసూర్య ఊపిరితిత్తుల్ని కొంత దెబ్బతీసి పోయిందట. గొట్టంలో ఊదించిన పరీక్షలో నంబరు తక్కువ వచ్చింది. మూడు వారాలు వ్యాయామం చేయించి, ఊపిరి పెంచి, అప్పుడు కోస్తే మనిషి తొందరగా లేచి తిరుగుతుందట.

"వ్యాయామమా? నాకా?" అంది అనసూర్య.

పాపం, డాక్టరుకేం తెలుసు. ఆమె ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆటల టీచరు, పీఈటీ. మడికొండ హైస్కూల్లో ఆమె విజిల్ ఊదితే బయట రోడ్డు మీది ఆటోలు కూడా ఆగుతాయని చెప్పుకుంటారు. నేనైతే పెళ్ళయిన నాటి నుంచి ఆగే ఉన్నాను.

కింది అంతస్తులో వ్యాయామం గది. అక్కడి ఫిజియోథెరపిస్టు పేరు తేజస్విని. మా అమ్మాయి రాజశ్రీ కంటే చిన్నది. రోజూ ఏం చేయాలో వివరంగా చెప్పింది. అరగంట నడవాలి, మెట్లెక్కాలి. మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇచ్చింది, దాని గొట్టంతో గాలి పీలిస్తే బంతులు పైకి లేవాలి. కడుపు ఉబ్బేలా ఊపిరి తీయాలి. దిండు ఛాతీకి అదుముకుని దగ్గడం నేర్చుకోవాలి. అన్నిటి తర్వాత ఇరవై నిమిషాలు పడుకుని, కళ్ళు మూసుకుని, కాళ్ళ నుంచి మొహం దాకా ఒక్కో కండరాన్నే బిగించి వదలాలి.

"రిలాక్సేషన్ గూడ ఎక్సర్‌సైజే మేడం. అదొక్కటి మాత్రం స్కిప్ చేయొద్దు."

"పండుకునుడు గూడ ఎక్సర్‌సైజేనా? అట్లయితే మా స్కూల్ల లాస్ట్ బెంచోళ్ళందరికి మెడల్స్ ఇయ్యాలె."

తేజస్విని నవ్వింది. "ఇంట్ల ఎవరన్న తోడు చేస్తే మంచిగుంటది" అంది. గదిలో నేను తప్ప ఇంకెవరూ లేరు. ఇద్దరూ నా వైపు చూశారు. నేను చివరిసారి పరుగెత్తింది పదో తరగతిలో, అదీ కుక్క తరిమితే.

చార్టు మాత్రం నా చేతికే ఇచ్చారు. ఎంతసేపు నడిచారు, ఎన్ని మెట్లు, ఎన్ని బంతులు, జ్వరం దగ్గు గొంతునొప్పి ఏమైనా ఉన్నాయా. సుబేదారిలోని సర్కారు ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళుగా రిజిస్టర్లు రాస్తున్నాను. శ్యాంసుందర్ రాస్తే కొట్టివేత ఉండదని పేరు. చార్టులో రాయడానికి వీల్లేనివి ఇందులో రాసుకుంటాను. ఇది ఎవరికీ చూపను.

నాకు భయమేమీ లేదు. చిన్న గడ్డే అన్నారు కదా.

నవంబరు 26

కాళ్ళు పీకుతున్నాయి. ఆమెవి కాదు, నావి.

నవంబరు 28, గురువారం

మా అపార్టుమెంటు నాలుగంతస్తులు. లిఫ్టులో కాకుండా ఇవాళ మెట్ల మీదుగా పోయాం. రెండో అంతస్తులో ఆగి ఊపిరి చూసుకోమంది తేజస్విని. మాట్లాడగలిగేటంత ఆయాసమే ఉండాలి, అంతకు మించకూడదట.

"మాట్లాడు" అన్నాను.

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న. మాట్లాడగలుగుతానవా లేదా చూడాలె గద."

"నీ అంగి మూడో గుండీ ఊడింది. పొద్దుగాల నుంచి చూస్తాన. చాలా?"

మూడో అంతస్తు చేరేసరికి మాట్లాడలేని వాణ్ణి నేనే. ఆమె మెట్టు మీద నిలబడి, నడుము మీద చేతులు పెట్టుకుని, పిల్లల్ని చూసినట్టు చూసింది. "నోటితోటి గాదు, ముక్కుతోటి తీసుకో. భుజాలు కిందికి దించు" అని నాకే నేర్పింది. కింద నుంచి కూరగాయల సంచీతో వస్తున్న నాలుగో అంతస్తు కళావతి గారు ఆగి, నా వైపు జాలిగా చూసి, "సార్‌కు ఎప్పుడు ఆపరేషన్?" అని అడిగారు.

అనసూర్య మెట్ల మీద కూర్చుని నవ్వింది. నవ్వి నవ్వి దగ్గింది. దగ్గు ఆగాక కూడా నవ్వింది.

నవంబరు 30

దవాఖాన వ్యాయామం గదిలో మాతో పాటు ఇంకొకాయన వస్తున్నాడు. జానీ మియా. కాజీపేటలో ఆటో నడుపుతాడు, నలభై ఏళ్ళు బీడీ తాగాడు. ఆయనదీ ఊపిరితిత్తే, ఎడమది. ఆపరేషన్ డిసెంబరు తొమ్మిదిన. వెంట భార్య సుల్తానా బేగం ఉంటుంది. ఆయన సైకిలు తొక్కడం ఆపితే చాలు, గోడవైపు చూస్తూ, "ఆపిండు" అని తేజస్వినికి చెప్తుంది.

నడకలోనూ బంతుల్లోనూ అనసూర్య ముందు. విశ్రాంతిలో జానీ మియా ముందు. పడుకుని కళ్ళు మూసిన రెండో నిమిషానికి గురక. "ఆటో స్టాండ్ల ముప్పై ఏండ్ల ప్రాక్టీస్ సార్" అంటాడు.

అనసూర్య మాత్రం ఇరవై నిమిషాలూ కళ్ళు గట్టిగా మూసుకుని, పిడికిళ్ళు బిగించి పడుకుంటుంది, ఇంజెక్షన్ ఇస్తారేమో అన్నట్టు. తేజస్విని ఫోన్లో ఒక రికార్డింగు పెట్టింది. ఎవరో మెత్తటి గొంతుతో, "మీరు ప్రశాంతమైన సముద్ర తీరంలో ఉన్నారని ఊహించుకోండి" అన్నారు. అనసూర్య ఒక కన్ను తెరిచింది.

"సముద్రం నేను రెండుసార్లే చూసిన. స్కూలు టూర్ల. రెండుసార్లు పిల్లలను లెక్కవెట్టుడే అయింది. ఒకడు తక్కువొచ్చిండు."

"మరి?" అంది తేజస్విని కంగారుగా.

"ఐస్‌క్రీమ్ బండి కాడ దొరికిండు."

డిసెంబరు 2, సోమవారం

పొద్దున ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో నడిచాం. మూడు రౌండ్లు చాలన్నది తేజస్విని. మూడు అయ్యాక నేను బెంచీ మీద కూర్చున్నాను. అనసూర్య ఆగలేదు. నాలుగో రౌండు. ఐదో రౌండు. ఆరోది మొదలుపెట్టేసరికి నడక కాస్తా పరుగైంది.

ఆపాలి అనుకున్నాను. కానీ నీలం ట్రాక్ సూటులో, జుట్టు ముడి ఊగుతూ, మంచులోంచి బయటికి వస్తూ మళ్ళీ మంచులోకి పోతూ, ఆమె ఎంత బాగుందో. ఆ మనిషికి లోపల గడ్డ ఉందంటే ఎవరు నమ్ముతారు? నాకే నమ్మబుద్ధి కాలేదు. డాక్టర్లు కొంచెం ఎక్కువగానే చెప్తారు.

"చార్టుల మూడు అనే రాయి" అంది వచ్చి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని.

"ఆరు గద?"

"ఆ పిల్ల ఊకె ఫికర్ జేస్తది. మూడు రాయి."

మూడు అని రాశాను. తక్కువ రాస్తే నష్టమేముంది, ఎక్కువ చేసినదే కదా మంచిది.

డిసెంబరు 5

మూడు బంతులూ లేచాయి. మూడో బంతి రెండు క్షణాలు పైనే నిలబడింది. తేజస్విని చప్పట్లు కొట్టింది. జానీ మియాకు రెండో బంతి ఊగుతుంది గానీ లేవదు. అనసూర్య ఆయన పక్కన కూర్చుంది.

"జానీ భాయ్, గట్ల గుంజితే రాదు. చాయ్ వేడిగున్నప్పుడు ఎట్ల గుంజుతవ్? మెల్లగ, ఒకటే తీరు. ఆ... ఆ... ఇంక..."

లేచింది. సుల్తానా బేగం కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అనసూర్య విజిల్ కోసం మెడ తడుముకుంది. అలవాటు.

రాజశ్రీ నిజామాబాదు నుంచి ఫోను చేసింది. సెలవు పెట్టి పద్నాలుగున వస్తుందట. అమ్మ బాగుందా అంది. అమ్మ పరుగెత్తుతున్నది అన్నాను.

ఇవాళ ఏడు రౌండ్లు. చార్టులో మూడు.

డిసెంబరు 8, ఆదివారం

ఉదయం లేచినప్పటి నుంచి ఆమె గొంతు సవరించుకుంటున్నది. చలికి, అంది. పసుపు వేసి పాలు ఇచ్చాను. అవి తాగి గ్రౌండుకు పోయింది. చార్టులో ఇలా రాశాను:

గొంతునొప్పి: లేదు.

డిసెంబరు 9

జానీ మియా ఆపరేషన్ బాగా జరిగిందని సుల్తానా బేగం ఫోను. అనసూర్య ఎగిరి గంతేసింది.

గొంతునొప్పి: లేదు. దగ్గు: లేదు.

డిసెంబరు 10

లేదు.

డిసెంబరు 11, బుధవారం

గ్రౌండులో రెండో రౌండు సగంలో కూర్చుండిపోయింది. నేను పరుగెత్తాను. నిజంగానే పరుగెత్తాను. నుదురు పట్టుకుంటే కాలింది. నూటా రెండు.

ఆటోలో నా భుజం మీద తల పెట్టుకుని, "తేజస్వినికి చెప్పకు" అంది. అప్పుడు కూడా.

డిసెంబరు 12, గురువారం

ఛాతీలో ఇన్ఫెక్షన్. అడ్మిట్ చేశారు. ఈ ఛాతీతో మత్తు ఇవ్వలేమని, పదహారున ఆపరేషన్ లేదని డాక్టరు గారు చెప్పారు. ముప్పైకి మార్చారు, అదీ అంతా తగ్గితేనే. "గడ్డ మన కోసం ఆగదండీ" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

మధ్యాహ్నం తేజస్విని దగ్గరికి పోయాను. చార్టు బల్ల మీద పెట్టి, "ఇది తప్పు" అన్నాను. ఏ రోజు ఎన్ని రౌండ్లో, ఏ రోజు నుంచి గొంతునొప్పో చెప్పాను. అన్నీ నాకు గుర్తే ఉన్నాయి. ఇందులో రాసుకున్నాను కదా.

ఆ అమ్మాయి చార్టులో ఒక్కో తేదీ మీద వేలు పెట్టి చూసింది.

"సార్, నేను దీన్ని చూసే సైకిల్ లోడ్ పెంచిన. మూడు రౌండ్లే నడుస్తాన్నరు గద, ఇంక చేయగలుగుతరని. ఇంటికాడ ఏడు ఉరికి వచ్చినంక ఇక్కడ నేను తొక్కించిన."

"నాదే తప్పు."

"జ్వరం మీ వల్లనే వచ్చిందని నేననను. చలికాలం, ఎవరికైన వస్తది. కని మొదటి రోజే చెప్తే రెండు రోజులు రెస్ట్ ఇచ్చి ఆపేటోళ్ళం." చార్టు నా వైపు తిప్పి, "ఎందుకు రాసిన్రు సార్ అట్ల?" అని అడిగింది.

ఆమె రాయమంది కాబట్టి అని చెప్పవచ్చు. అది నిజం కాదు. రాయమన్నది ఆమే అయినా, నాకు రాయాలనే ఉండింది. ఆమె పరుగెత్తుతుంటే బెంచీ మీద కూర్చున్న నాకు ఆ ముప్పావు గంట ఏ జబ్బూ గుర్తు రాలేదు. ఆ ముప్పావు గంటను ఎవరైనా ఆపేస్తారని లేదు, లేదు, లేదు అని రాశాను.

తేజస్వినితో ఇంత చెప్పలేకపోయాను. "తప్పయింది బిడ్డా" అన్నాను. ఆమె కొత్త చార్టు తీసి ఇచ్చింది. మళ్ళీ నాకే ఇచ్చింది.

డిసెంబరు 14, శనివారం

జ్వరం దిగింది. రాజశ్రీ వచ్చి ఇద్దరినీ కలిపి తిట్టి, అమ్మకు జుట్టు దువ్వి, ముప్పైకి మళ్ళీ వస్తానని పోయింది.

అనసూర్య కిటికీ వైపు చూస్తూ పడుకుంది. నేను చార్టు సంగతి తేజస్వినికి చెప్పేశానని చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"మంచిగ చేసినవ్" అంది. దుప్పటి అంచు సరిచేసుకుని, "ఏమయ్యా, పండుకుంటే నేను బీమారోళ్ళ లెక్కుంట. ఉరికితే నేను నా లెక్కుంట. గంతే. ఇంకేం లేదు" అంది.

నేను బత్తాయి రసం గ్లాసులో పోస్తున్నాను. గ్లాసు నిండింది చూసుకోలేదు, కొంత ఒలికింది. నిద్ర సరిపోవడం లేదు నాకు.

డిసెంబరు 17, మంగళవారం

ఆమె ఇంటికొచ్చింది. ఈ వారం పరుగు లేదు, సైకిలు లేదు. నెమ్మది నడక, ఊపిరి, విశ్రాంతి. ముఖ్యంగా విశ్రాంతి అని తేజస్విని నా కళ్ళల్లోకి చూసి మరీ చెప్పింది.

ఆ సముద్రం రికార్డింగుతో కాదు. నాకొక ఆలోచన వచ్చింది. భోజనం విరామంలో ఆఫీసు రికార్డు రూములో తలుపు దగ్గరికి వేసుకుని, పాత ఫైళ్ళ మధ్య స్టూలు మీద కూర్చుని, ఫోనులో నేనే మాట్లాడడం మొదలుపెట్టాను. మొదటిసారి నా గొంతు నాకే తహసీల్దారు ముందు నిలబడ్డవాడి గొంతులా వినిపించింది. రెండోసారి తుమ్మొచ్చింది. మూడోసారి బాగా సాగుతుండగా, "ఇగ మెల్లగ కాళ్ళు వదిలెయ్" అన్నప్పుడు తలుపు తెరుచుకుంది. మా అటెండరు మొగిలి.

బీరువాల వెనక వంగి చూశాడు. ఎవరూ లేరు.

"ఎవల కాళ్ళు సార్?"

చెప్పాను. బయటికి పోయి, తలుపు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఎవరో ఫైలు కోసం వస్తే, "సార్ లోపల పనిల ఉన్నడు, మల్ల రాపో" అనడం వినిపించింది. రికార్డింగులో ఆ మాట కూడా పడింది. తీయడం నాకు చేతకాలేదు.

డిసెంబరు 19

ఇవాళ ధైర్యం చేసి పెట్టాను. చాప మీద ఆమె, పక్కన నేను. ఫోను మధ్యలో. నా గొంతు ఇలా అంది:

"అనసూర్యా, మ్యాచ్ అయిపోయింది. మనమే గెలిచినం. పిల్లలందరు ఇండ్లకు పోయిన్రు, లెక్క సరిగనే ఉన్నది, ఒక్కరు గూడ తక్కువ లేరు. గేటు ఏసిన్రు. గ్రౌండ్ల నువ్వొక్కదానివే పండుకున్నవ్. మన్ను ఎండకు వెచ్చగున్నది. ఎవ్వలు పిలుస్తలేరు. ఇగ కాళ్ళు గట్టిగ బిగవట్టు... వదిలెయ్. ఊపిరి తీస్కో... మెల్లగ వదులు. తొందర లేదు. బస్సు ఇంక రాలే..."

'మల్ల రాపో' దగ్గర ఆమె పెదవి కొంచెం కదిలింది. అంతే. ఆ తర్వాత పిడికిళ్ళు ఒక్కో వేలే విచ్చుకున్నాయి. దవడ వదులైంది. ఇరవై నిమిషాలు అయిపోయాక కూడా లేవలేదు. కంటి చివర నుంచి చెవి వైపు ఒక చుక్క జారింది. తుడవలేదు ఆమె. నేనూ తుడవలేదు.

లేచాక, "మల్లొక్కసారి పెట్టు" అంది.

డిసెంబరు 23, సోమవారం

నడక మూడు రౌండ్లు. చార్టులో మూడు. దగ్గు ఉదయం రెండుసార్లు, రాశాను.

వ్యాయామం గదికి జానీ మియా చెకప్పుకు వచ్చాడు. చిక్కిపోయాడు గానీ నడుస్తున్నాడు. అనసూర్య పక్కన కూర్చుని గొంతు తగ్గించి చెప్పాడు.

"మేడం, కోసుడు ఏం తెల్వది. అల్లా కసమ్, ఏం తెల్వది. దగ్గుమన్నప్పుడు తెలుస్తది. దిండు వట్టుకొని దగ్గుమంటరు చూడు, అప్పుడు అమ్మ యాదికొస్తది. కని దగ్గాలె. నేను దగ్గలే రెండు రోజులు. బస్, కఫం లోపల్నే కూసున్నది. మల్ల ఒకటే తిప్పలు."

"నేను దగ్గుత జానీ భాయ్. నాకేం భయం" అంది అనసూర్య.

సుల్తానా బేగం నా వైపు చూసింది. నేను సైకిలు వైపు చూశాను.

డిసెంబరు 29, ఆదివారం

ఊదిన నంబరు నవంబరు కంటే బాగా పెరిగింది. ఛాతీ శుభ్రంగా ఉందన్నారు. రేపే. మధ్యాహ్నమే అడ్మిట్ అయ్యాం. రాజశ్రీ వచ్చింది.

మంచం ఎక్కబోతూ మెడలోంచి పుస్తెలతాడు తీసి నా చేతిలో పెట్టి, "జేబుల పెట్టుకోకు, పోగొడ్తవ్. బిడ్డకియ్యి" అంది. రాజశ్రీకి ఇచ్చాను. నాకు భయమేమీ లేదు. రాజశ్రీ రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ అదే చెప్పాను.

డిసెంబరు 30

లోపలికి పోయేటప్పుడు చెవుల్లో నా రికార్డింగు పెట్టుకుంటానని అడిగిందట, మత్తు డాక్టరు ఒప్పుకున్నాడట. నాలుగు గంటలు పట్టింది. అయిపోయింది. గాజు తలుపులోంచి చూశాను. ఊపిరి తీస్తున్నది.

ఇంకేమీ రాయలేను.

జనవరి 1, బుధవారం

నిన్నటి నుంచి ఆమె దగ్గడం లేదు.

పక్క నుంచి గొట్టం, దాని కింద సీసా. మొహంలో రక్తం లేదు. మంచం మీద కూర్చోబెట్టి, దిండు ఇచ్చి, తేజస్విని అరగంట బతిమాలింది. అనసూర్య గొంతులోనే ఉఁ ఉఁ అని ఊరుకుంది. ఆక్సిజన్ అంకె కొంచెం కొంచెం దిగుతున్నది. లోపల కఫం గరగర నాకే వినిపిస్తున్నది.

"సార్, ఇయ్యాల రాకపోతే లోపలికి గొట్టం ఏసి తీయాల్సొస్తది. మల్ల ఇన్ఫెక్షన్ అయితే..." అంది తేజస్విని నన్ను పక్కకు పిలిచి.

నేను పోయి మంచం అంచున కూర్చున్నాను. "అనసూర్యా, జర దగ్గవా? ఒక్కసారి" అన్నాను.

ఆమె మొహం గోడ వైపు తిప్పుకుంది. "నాతోని గాదయ్యా."

ముప్పై ఏళ్ళలో ఆ మాట ఆమె నోట నేను వినలేదు. నొప్పి ఎంతో నాకు తెలుసు. కనుకొలకులు చూస్తేనే తెలుస్తున్నది. వద్దులే, కాసేపు పడుకో అనబోయాను. నోటి దాకా వచ్చింది. వద్దులే అనడమే కదా నాకు అలవాటు, మూడు రాయి అంటే మూడు రాసే మనిషిని.

లేచి నిలబడ్డాను.

"అనసూర్యా! ఇటు చూడు! కూసో నిటారుగ! దిండు వట్టుకో! దగ్గు!"

ఆ గొంతు నాదేనా అనుకున్నాను. ఐసీయూ అంతా తిరిగి చూసింది. నర్సు చేతిలోని ట్రే ఆగింది. ఎదురు మంచం మీది ముసలాయన ఉలిక్కిపడి తనూ దగ్గాడు.

అనసూర్య నా వైపు చూసింది, నన్నెప్పుడూ చూడనట్టు. దిండు అదుముకుంది. దాని మీద నా రెండు చేతులూ వేసి నేనూ అదిమాను. "ఊపిరి తీస్కో. ఆపు. ఇగ... దగ్గు!"

దగ్గింది. నా చొక్కా పట్టుకుని కేక పెట్టింది. "మల్ల!" అన్నాను. మళ్ళీ దగ్గింది. మూడోసారికి కఫం వచ్చింది, చిక్కగా, తేజస్విని పట్టిన గిన్నెలోకి. తర్వాత ఇంకొంత. అంకె తొంభై ఒకటి నుంచి తొంభై ఐదుకు ఎక్కడం ముగ్గురం చూశాం.

వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, "గొంతున్నదే నీకు" అంది అనసూర్య. "ఇన్నేండ్లు ఎక్కడ దాసిపెట్టినవ్?"

నేను బాత్రూములోకి పోయి తలుపు వేసుకున్నాను. ఏడ్చాను. ఎందుకని రాయాలో తెలియడం లేదు.

జనవరి 3

గొట్టం తీశారు. వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది, గోడ పట్టుకోకుండా. గంటకోసారి దగ్గిస్తున్నాను. నన్ను చూస్తేనే, "వచ్చిండు యముడు" అంటున్నది.

జనవరి 9, గురువారం

కుట్లు చూపించుకోవడానికీ రిపోర్టు కోసమూ పోయాం. డాక్టరు గారు చదువుతుంటే నేను ఆయన కళ్ళద్దాల్నే చూస్తున్నాను. తీసిన భాగం అంచుల్లో ఏమీ లేదు. గ్రంథుల్లో కూడా లేదు. ప్రస్తుతానికి కీమో అవసరం లేదన్నారు. మూడు నెలలకోసారి స్కాను తీయాలి, రెండేళ్ళ వరకు. మళ్ళీ రాదని రాసివ్వలేనన్నారు. సరే అన్నాం.

బయట చెట్టు కింద సిమెంటు బెంచీ ఉంది. ఆటో పిలుస్తానంటే, "జరసేపు కూసుందాం" అంది. ఎండ బాగుంది. బండి మీద సంత్రాలు అమ్ముతుంటే నాలుగు కొన్నాను. కుడి చేయి ఇంకా పైకి లేవదు ఆమెకు. నేను ఒలిచి ఇస్తుంటే ఒక్కో తొనా తింటున్నది.

"ఏమయ్యా, ఒకటి అడుగుత. నిజం చెప్పు" అంది.

"అడుగు."

"నీకు భయమైందా?"

రాజశ్రీకి చెప్పినట్టే చెప్పబోయాను. కళావతి గారికి చెప్పినట్టు, ఆఫీసులో చెప్పినట్టు, ఈ పుస్తకానికి చెప్పినట్టు. ఆమె మొహం చూశాను. నెల కింద పరుగెత్తిన మొహం కాదు. చెంపలు లోపలికి పోయాయి, కళ్ళ కింద నలుపు. కళ్ళు మాత్రం నా మీదే ఉన్నాయి.

"అయింది" అన్నాను. "మొదటి రోజు నుంచి. నువ్వు ఉరుకుతాంటే గూడ. నువ్వు పండుకుంటే గూడ. ఇప్పుడు గూడ కొంచెం ఉన్నది."

ఆమె తల ఊపింది. అంకె సరిచూసుకున్నట్టు ఊపింది.

"నాక్కూడ" అంది.

ఎదురుగా కొత్తగా వచ్చిన భార్యాభర్తలు ఇద్దరు, ఎక్స్‌రే కవరు పట్టుకుని, వ్యాయామం గది ఎటని వాచ్‌మన్‌ను అడుగుతున్నారు. అతను చేయి చూపించాడు. వాళ్ళు లోపలికి పోయేదాకా ఇద్దరం చూశాం.

ఇంకో సంత్ర ఒలిచాను. ఆమె తొన నోట్లో వేసుకుని, నమిలి, ఎటూ చూడకుండా నా అరచేయి లాక్కుని, గింజలు అందులో పెట్టింది. నేను గుప్పిట మూసుకుని ఆమె ఇంకో తొన తినేదాకా కూర్చున్నాను.